ఇంటిపన్ను – ఊరి లెక్క

ఏప్రిల్ నెల వచ్చినదనగా మన పట్టణములలోని గృహస్థునకు రెండు తాపములు. ఒకటి ఎండ, రెండవది ఇంటిపన్ను. సంవత్సరపు పన్నంతయు ఆ నెలలోనే ఒక్కసారిగా చెల్లించినవారికి నూటికి అయిదు తగ్గింపు కలదు. కావున నాలుగు డబ్బులు చేతనున్నవారు తొందరపడి కట్టివేయుదురు. లేనివారు వాయిదా వేసికొని, తరువాత వడ్డీతో కట్టుదురు. కట్టినవాడును కట్టనివాడును వీధి అరుగుపై కలిసికొన్నప్పుడు మాత్రము ఇరువురి ప్రశ్నయు నొక్కటియే: ఈ సొమ్మంతయు ఎచటికి పోవుచున్నది? ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారెవరు, వారు ఏల చెప్పకున్నారు అను విషయమును నేడు మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

మేము పన్నులకు విరోధులము కాము. ఈ మాట ముందుగానే చెప్పుకొనుట మంచిది. వీధిదీపము వెలుగవలెను, మురుగుకాలువ పారవలెను, కుళాయిలో నీరు రావలెను, పన్ను మాత్రము వలదనుట పెద్దమనుష్యుల మాట కాదు. మేడపై మేడ కట్టి అద్దెలు దండుకొనుచు, పురపాలక దస్తరములలో మాత్రము దానిని పెంకుటిల్లుగా నిలుపుకొన్న ఘనులను మేమెరుగుదుము. బిల్లు కలెక్టరును మంచి చేసికొనుట యెట్లో వారికి వెన్నతో బెట్టిన విద్య. పన్నుల పెంపుదలపై సభలు జరిగినపుడు ముందు వరుసలో కూర్చుండి బల్ల గ్రుద్దువారిలో వీరును లేకపోలేదు. వారి పక్షమున మేము వ్రాయుట లేదు. మా ఫిర్యాదు పన్ను మొత్తమును గూర్చి కాదు. అది విధింపబడిన తీరును గూర్చి, ఖర్చుపడిన పిదప లెక్క కానరాని తీరును గూర్చి.

ఆంధ్రప్రదేశ పట్టణములలో పూర్వము ఇంటిపన్ను అద్దె విలువను బట్టి యుండెడిది. 2020లో చట్టమును సవరించి, 2021 ఏప్రిల్ 1వ తేదీ నుండి ఇంటి మూలధన విలువను, అనగా స్థలమునకు, కట్టడమునకు కలిపి ప్రభుత్వము నిర్ణయించిన మార్కెటు విలువను, ఆధారముగ గైకొనిరి. నివాసగృహములకు ఆ విలువలో నూటికి 0.10 మొదలు 0.50 వరకును, తక్కిన కట్టడములకు 0.20 మొదలు 2 వరకును పన్ను వేయవచ్చును. పాతపన్నుకంటె ఒక్కసారిగా పెరిగి జనులు బెదరకుండుటకై, ఏడాదికి నూటికి 15కు మించి హెచ్చింపరాదని హద్దు పెట్టిరి. వినుటకు దయగానే యున్నది. లెక్క వేసి చూచిన దయ యెంతయో తెలియును. పాతపన్ను 1,000 రూపాయలైనచో మొదటి యేడు 1,150, రెండవ యేడు 1,322, మూడవ యేడు 1,520, నాలుగవ యేడు 1,749, అయిదవ యేడు 2,011. కొత్త లెక్క ప్రకారము రావలసిన పన్ను పాతదానికి రెండింతలకు పైబడిన యింటికి, ఈ హద్దును పూర్తిగా వాడుకొన్నచో, అయిదేండ్లలో పన్ను రెట్టింపగును. ఈ అయిదేండ్లలో ఫించను తీసికొను ముసలివాని రాబడి రెట్టింపైనదా?

కొత్తపద్ధతిలో న్యాయము లేదని మేమనము. అద్దె విలువ కట్టుటలో ఇచ్ఛాపూర్వకమైన వ్యవహారము మిక్కుటముగా నుండెడిది, ప్రక్క ప్రక్క యిండ్లకు పన్నులో పొంతన యుండెడిది కాదు. ఐనను స్థలపు ధర ఎంత పెరిగినను అందు కాపురమున్నవాని చేతికి ఒక్క కాసు అదనముగ రాదు, అమ్ముకొన్ననాడు గదా ఆ ధర! తాతలనాటి పెంకుటింట నుండు వితంతువు, చుట్టును అంగళ్ళు లేచి స్థలము విలువ యెగసినంతమాత్రమున ధనవంతురాలు కాజాలదు. ఈ భేదమును గుర్తించి చెప్పవలసినవాడు ఆ వీధి నెరిగిన వార్డు సభ్యుడు. ఆ చట్టము పుట్టిన 2020 చివరిదినములలో వార్డు సభ్యుడెక్కడ? రాష్ట్రమున దాదాపు ఏ పట్టణమునకును ఎన్నికైన పాలకవర్గము లేదు. 2014లో ఎన్నికైనవారి గడువు 2019 నడుమ తీరినది. మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. సభ్యులు ప్రమాణము చేసి కుర్చీలలో కుదురుకొనకమునుపే కొత్తపన్ను అమలులోనికి వచ్చినది. ఇంటివారు ఊరిలో లేనప్పుడు పెండ్లి ముహూర్తము పెట్టినట్లు, పన్ను కట్టువారి ప్రతినిధులు లేనప్పుడు పన్ను నిశ్చయమైనది.

అంత తొందర యేల? కారణము రహస్యము కాదు, కేంద్రప్రభుత్వమే ప్రకటించినది. 2020లో రాష్ట్రములు అదనముగ అప్పు తెచ్చుకొనుటకు అనుమతి నిచ్చుచు కేంద్రము కొన్ని సంస్కరణలను షరతులుగా పెట్టినది. అందొకటి, పట్టణములలోని ఆస్తిపన్నును ప్రభుత్వ మార్కెటు విలువలతో ముడివేయుట. దానిని మొట్టమొదట నెరవేర్చిన రెండు రాష్ట్రములు మధ్యప్రదేశము, ఆంధ్రప్రదేశము. అందుకు 2021 జనవరిలో ఆంధ్రప్రదేశమునకు 2,525 కోట్ల రూపాయల అదనపు ఋణమునకు అనుమతి లభించినది. అనగా అప్పు తెచ్చుకొన్నది రాష్ట్రము, అందుకు పూచీగా పెరిగినది పట్టణవాసి పన్ను. కోవిడు కాలమున రాష్ట్రమునకు ధనము కావలసివచ్చుట నిజమే, దాని నాక్షేపింపము. కాని ఊరి అవసరమును బట్టి ఊరిపన్ను పెరుగవలెనే గాని, రాజధాని ఖజానా యవసరమును బట్టి కాదు.

విశాఖపట్టణపు కథ ఇంతకంటె విచిత్రము. మహావిశాఖ నగరపాలక సంస్థ 2005లో ఏర్పడినది. 2007లో ఎన్నికైన పాలకవర్గము 2012లో గడువు తీరి దిగిపోయినది. తరువాత ఎన్నిక 2021 మార్చిలో! నడుమ తొమ్మిదేండ్లు ఇరువది లక్షల జనుల నగరమును ప్రత్యేకాధికారులు పాలించిరి. విలీనములనిరి, వార్డుల విభజన యనిరి, వ్యాజ్యములనిరి. కారణములకేమి, కరవు లేదు. రాజ్యాంగములోని 243-యు అధికరణము పురపాలక సంఘమునకు అయిదేండ్లకు మించిన ఆయుర్దాయము నీయలేదు, గడువు తీరకమునుపే ఎన్నిక ముగియవలెనని శాసించినది. అహమ్మదాబాదు నగరమునకు సంబంధించిన వ్యాజ్యములో 2006లో సుప్రీముకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పినది. ఐనను తొమ్మిదేండ్లు గడచినవి.

ఆ తొమ్మిదేండ్లు ఊరకే గడువలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరముపై విరుచుకపడినది. చెట్లు కూలి, దీపములారి, నీరు లేక జనులు అల్లాడిరి. సహాయము రాలేదని మేమనము, అధికారులు పాటుపడినమాట వాస్తవము. కాని ఏ వీధిలో ఏ ముదుసలి యొంటరిగా నున్నదో ఎరిగి, తలుపు తట్టవలసిన బాధ్యత ఓటుచే సంక్రమించినవాడు ఆనాడు ఆ మహానగరమున ఒక్కడును లేడు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్. ఆర్. వెంకటాపురములో విషవాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. ఇండ్లనడుమ అట్టి కర్మాగారము ఉండవచ్చునా యని నగరసభలో లేచి యడుగుటకు అప్పుడును సభ లేదు. ఇక భీమునిపట్టణమును చూడుడు. 1861లో పురపాలక సంఘము నేర్పరచుకొని, దేశమున మిక్కిలి పురాతనమైన పురపాలనలలో నొకటిగా పేరొందిన యూరు అది. 2013లో దానిని మహావిశాఖలో కలిపివేసిరి. తమ సంఘము పోయినది, క్రొత్తసభలో తమకు రావలసిన స్థానములకు 2021 దాక ఎన్నికయే లేదు. నూటయేబది యేండ్ల స్వపరిపాలనకు ఫలము, ఎనిమిదేండ్ల మౌనము.

ఈ సందర్భమున చీరాల పేరాలలు జ్ఞప్తికి వచ్చుట తప్పదు. 1919-20 ప్రాంతమున నాటి మదరాసు ప్రభుత్వము ఆ గ్రామముల ప్రజలు వలదన్నను వానిని మునిసిపాలిటీగా జేసెను. యూనియనుగా నున్నపుడు ఏటికి 4,000 రూపాయలకు లోబడియుండిన పన్ను 40,000కు పెరుగునని లెక్క తేలినది. మగ్గముపై బ్రతుకు నేతగాండ్రు పదిరెట్ల పన్ను ఎట్లు భరింతురు? ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులై నిలిచిరి. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ చీరాలకు వచ్చి పరిస్థితి గమనించిరి. పన్ను నిరాకరించి జైళ్ళకు పోవుట యొక త్రోవ, ఊరినే విడిచిపోవుట రెండవ త్రోవ. జనులు రెండవదానిని గైకొనిరి. మునిసిపలు ఎల్లలు దాటి, రామనగరమని పేరు పెట్టుకొని, పాకలలో, పందిళ్ళలో సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారిని ప్రభుత్వము చెరసాలకు పంపెను. తుదకు జనులు ఇండ్లకు మరలిరి, మునిసిపాలిటీ నిలిచినది.

చీరాలవారికి శుభ్రత గిట్టదా? కాలువలు, దీపములు వలదనిరా? కాదు. మీకు మేలు చేసెదమని, మిమ్ము అడుగకయే, మీ సొమ్ముతోనే చేయుట యెట్టి మేలని వారి వాదము. నేటి ప్రభుత్వము పరాయిది కాదు, మన ఓటుతో వచ్చినది. ఈ భేదము గొప్పది, దానిని మరచి నేటి యధికారులను నాటి దొరలతో పోల్చుట అవివేకము. ఐనను పోలిక పూర్తిగా లేకపోలేదు. శాసనసభకు ఓటు వేసినంతమాత్రమున మా వీధి కాలువను గూర్చి అడుగు హక్కును మేము వదలుకొన్నట్లు ఏ శాసనములోను వ్రాసి లేదు. రిప్పను ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానము చేసినపుడు, దాని ప్రయోజనము కేవలము పనులు చక్కగా జరుగుట కాదు, ప్రజలకు రాజ్యభారమున శిక్షణ కలుగుట యని తలచెను. పరదేశపు ప్రభువునకు తోచిన పాటి సంగతి మన ప్రభువులకు తోచకుండుట చింతింపదగినది.

"ఎన్నికైన సభ్యులు మాత్రమేమి యుద్ధరించిరి?" అని మా మిత్రులు కొందరు నవ్వుచున్నారు. ఆ నవ్వునకు కారణము కలదు. సభ్యులలో కాంట్రాక్టులకు బంధువులు, స్థలములకు మధ్యవర్తులు నున్నమాట లోకవిదితము. విశాఖ సభకు అయిదేండ్లలో నాలుగు గడచిన పిదప, 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానము నెగ్గి మేయరు మారినారు. ఆ వారములలో నగరమున చర్చ యెల్ల ఎవరు ఏ పక్షమునకు దూకిరి, ఎవరిని ఏ యూరిలో దాచిరి అనుటయే. తాగునీటిమాట ఎత్తినవారు తక్కువ. ఇది సిగ్గుపడవలసిన సంగతి. కాని దీనికి మూలమును గూడ చూడవలెను. పన్ను రేటు నిర్ణయించునది రాష్ట్రము, కమిషనరును పంపునది రాష్ట్రము. పట్టణ విస్తరణము 1978లో ఏర్పడి 2018లో పేరు మారిన అభివృద్ధి సంస్థ చేతిలో నున్నది. 2016లో నగరము స్మార్టు సిటీగా ఎంపికైన పిదప ఆ ధనమును ఖర్చు పెట్టుటకు వేరొక కంపెనీ లేచినది. 2019లో వార్డు సచివాలయములు పెట్టిరి, అందలి యుద్యోగులను నియమించినది రాష్ట్రము, వారికిని వార్డు సభ్యునకును మాటవరుసకే సంబంధము. రాజ్యాంగము పండ్రెండవ షెడ్యూలులో పదునెనిమిది విధులను పేర్కొన్నది. అందు సభ్యుని చేతికి నిజముగ చిక్కునవి ఎన్ని? పని లేనివానికి పక్షములు మార్చుటయే పని యగుట వింతయా?

చెత్తపన్ను కథయు నిట్టిదే. 2021లో ఇంటింట చెత్త తీయుటకై నెలకు నగరములలో 120 రూపాయల వరకు విధించిరి. జనులు మండిపడిరి. 2024లో ప్రభుత్వము మారి, ఆ యేటి చివర దానిని తీసివేసిరి. పెట్టినపుడును తీసినపుడును మాట పైనుండియే వచ్చినది. చెత్త తీయుటకు ఇంటికింత ఖర్చగును, ఇంత మేము భరింతుము, ఇంత మీరీయుడు అని ఏ పట్టణమును తన జనులతో కూర్చుండి తేల్చుకొనలేదు. పన్ను పోయినందుకు సంతసించినవారు, చెత్త యెత్తువాని జీతము ఇక ఏ పద్దునుండి వచ్చునో అడుగలేదు. 2023 డిసెంబరు చివర పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసి చీపుళ్ళు క్రింద పెట్టినపుడు గాని, ఆ పద్దు విలువ మన ముక్కులకు తెలియరాలేదు.

ఇక పన్ను రసీదులో కానవచ్చు ఒక చిన్న పద్దును గూర్చి కొంచెము విస్తరించి వ్రాయక తప్పదు. అది గ్రంథాలయ సుంకము. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు ప్రజాగ్రంథాలయములకై పురపాలక సంఘములు వసూలు చేయును. 1960 నాటి చట్టము ఇందుకాధారము. ఈ సొమ్ము పురపాలక సంఘముది కాదు. అది వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించు గుమాస్తా మాత్రమే. కాని రెండు తెలుగు రాష్ట్రములలోను పట్టణ సంఘములు గ్రంథాలయ సంస్థలకు కోట్లకొలది బకాయి పడినట్లు ఏటేట పత్రికలలో వార్తలు వచ్చుచునే యున్నవి. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ సభ కూర్చిన పెద్దలు, అయ్యంకి వేంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగార్ల వంటివారు, పల్లె పల్లె తిరిగి చందాలు పోగుచేసి పఠనాలయములు నిలిపిరి. వారి చేతికి చట్టబద్ధమైన సుంకమున్నచో ఎంత పని జరిగియుండెడిదో! నేడు సుంకమున్నది, గృహస్థుడు చెల్లించుచున్నాడు, రసీదున్నది. గ్రంథాలయమున మాత్రము క్రొత్త పుస్తకము లేదు, దినపత్రికకు చందా లేదు, పోటీపరీక్షలకు చదువు పిల్లలు ఎవరి పుస్తకములు వారు మోసికొనివచ్చి అరువు బల్లలపై కూర్చుందురు. కాలువకై తీసిన సొమ్ము దీపమునకు పెట్టితిమన్నచో అది పొరపాటని సరిపెట్టుకొనవచ్చును. ఒకరికై తీసిన సొమ్మును తన పెట్టెలో నుంచుకొనుటను ఏమందురో ఏ షావుకారు నడిగినను చెప్పును.

ఇంత వ్రాసిన పిదప మా వాదమునకు ఎదురుగానున్న ఒక నిజమును గూడ చెప్పవలెను. మన పట్టణములు పన్నులు మితిమీరి తీసికొనుచున్నవనుట సరికాదు. రిజర్వు బ్యాంకువారు 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము, దేశములోని పురపాలక సంఘముల రాబడియు, ఖర్చును దశాబ్దమునకు పైగా స్థూల దేశీయోత్పత్తిలో నూటికి ఒక పాలు చొప్పుననే నిలిచిపోయినవి. బ్రెజిలులో అది సుమారు ఏడు పాళ్ళు, దక్షిణాఫ్రికాలో ఆరు. కావున మన నగరములకు ఇంకను ధనము కావలసియేయున్నది, నేడు కాకున్న రేపైనను మనము హెచ్చుగ ఇయ్యవలసియేయుండును. అందుచేతనే లెక్క ముఖ్యము. లెక్క చెప్పినవానికి జనులు రెండవసారి సంతోషముతో నిత్తురు, చెప్పనివానికి మొదటిసారియే సణుగుచు నిత్తురు. పైగా, హైదరాబాదున 2020లోను, మరల 2022లోను చేసినట్లు, ఏండ్ల తరబడి పన్ను ఎగవేసినవారికి వడ్డీలో నూటికి 90 పాళ్ళు మాఫీ యని ప్రకటించినచో, ఏప్రిల్ నెలలోనే కట్టిన అమాయకుడు తన యయిదు శాతపు తగ్గింపును చూచుకొని నవ్వుకొనవలెనా, ఏడ్వవలెనా?

మేమడుగునవి పెద్దకోరికలు కావు. పాలకవర్గపు గడువు తీరుటకు ముందే ఎన్నిక జరుగవలెను, ఏ విభజనయు, ఏ విలీనమును ఇందుకు సాకు కారాదు. మూడు లక్షలకు మించిన నగరములలో వార్డు కమిటీలను రాజ్యాంగము 1993 నుండియు చెప్పుచున్నది. అవి కాగితముపై గాక వీధిలో కూర్చుండవలెను. గ్రంథాలయ సుంకము వసూలైన నెలలోనే సంస్థకు చేరవలెను. అన్నిటికంటె ముందు, ప్రతి వార్డులోను సచివాలయపు గోడపై పెద్ద అక్షరములతో ఒక పట్టిక వ్రాయింపవలెను: ఈ వార్డునుండి వచ్చిన పన్ను ఇంత, ఈ వార్డులో ఖర్చుపడినది ఇంత, ఏ కాలువకెంత, ఏ దీపమునకెంత, పని చేసిన కాంట్రాక్టరు ఎవరు. సున్నమునకు, రంగునకు అయ్యెడి ఖర్చు ఎక్కువని ఎవరైనను అందురేమో, మా చదువరులు చందా వేసికొనుటకు సిద్ధముగా నున్నారని మేము హామీ యిత్తుము.

మాకు పరిచితుడగు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఒక కోస్తా పట్టణమున నున్నాడు, ఊరిపేరు ఇచట అనవసరము. ఆయన పన్ను చెల్లించి, రసీదు మడిచి జేబులో పెట్టుకొని, ఎదుటనున్న చిన్నవానిని, "మన వార్డులో నిరుడు ఎంత ఖర్చు పెట్టారు నాయనా?" అని యడిగెనట. ఆ చిన్నవాడు మర్యాదస్థుడు. "మాస్టారూ, మీ బాకీ ఎంతో చెప్పమంటే చిటికెలో చెబుతాను. ఊరి ఖర్చు మా కంప్యూటరులో కనబడదండీ" అనెనట. మాస్టారు కోపపడలేదు. మరునాడు ఆ ప్రశ్ననే తెల్లకాగితముపై వ్రాసి, 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుకొని వచ్చినారు. జవాబునకు చట్టమిచ్చిన గడువు 30 దినములు. అది వచ్చినచో, అంకె యెంత చిన్నదైనను, ఈ పుటలోనే ప్రచురింతుము.